చెల్లు వ్రాయించుకొనుట

(బోద్రీలో జరిగిన మన సాంస్కృతిక సంఘపు ఉగాది సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడుమని అడిగినప్పుడు, నేను కళాశాలలో సాహిత్యము చదివినవాడను గనుక ఏ ప్రబంధమును గూర్చియో ముచ్చటింతునని తలచియుందురు. నేను ఎన్నుకొన్న విషయము అప్పు. అప్పు చేయుటను గూర్చి కాదు. అందులో మనకెవ్వరును పాఠములు చెప్పనక్కరలేదు. తీర్చివేసిన అప్పో, అసలు చేయనే చేయని అప్పో మన పేరిట ఎగవేతగా నమోదైయున్నచో దానిని ఎదిరించి తొలగించుకొనుట ఎట్లు అనునదే నేను చెప్పదలచినది. పండుగపూట ఇదేమి ప్రసంగమని ఎవరైన అనుకొందురేమో. సుమతీశతకకారుడు ఊరికి కావలసినవారిని లెక్కించుచు అప్పిచ్చువానిని వైద్యునికంటెను ముందు నిలిపినాడు. కనుక నేను సాహిత్యమును బొత్తిగా విడిచిపోలేదని మనవి.

మన పెద్దలు బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున వాల్తేరు, విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములనుండి ఈ బిలాస్‌పూర్ పట్టాల వెంట వచ్చి స్థిరపడిరి. నాడు క్వార్టరే ఇల్లు. పదవీవిరమణ పిమ్మట స్వగ్రామమే గతి. నేడట్లు కాదు. 2000లో రాష్ట్రము ఏర్పడినది. ఉన్నత న్యాయస్థానము ఈ బోద్రీలోనే ఉన్నది. 2003లో బిలాస్‌పూర్ కేంద్రముగా ఆగ్నేయ మధ్య రైల్వే వెలసినది. 2021లో చకర్‌భాఠా నుండి విమానములు ఎగురసాగినవి. ఇక్కడనే ఒక స్థలము కొని, నాలుగు గోడలు లేపుకొందమని మనలో ఎందరో తలచుచున్నారు. ఆ తలపు వచ్చిన మరునాడే బ్యాంకు మెట్లెక్కవలెను. మెట్లెక్కినవానిని బ్యాంకువారు మొదట అడుగునది జీతపు చీటీ కాదు. వారు తమ యంత్రములో మన పరపతి పత్రమును చూచెదరు. దానినే జనులు సిబిల్ రిపోర్టు అందురు.

అప్పు వసూలులో ఒకప్పటి భయము వేరు. జీతము పంచు దినమున చేతికఱ్ఱతో కార్ఖానా గేటు వద్ద కాచియుండు వడ్డీవ్యాపారిని గూర్చి మన తాతలు చెప్పెడివారు. విట్లీ అధ్యక్షత వహించిన రాజకీయ కార్మిక సంఘము 1931 నాటి తన నివేదికలో ఈ బాధను ప్రస్తావించి, పనిచేయుచోట కాపువేసి అప్పు వసూలు చేయుటను నేరముగా పరిగణింపవలెనని సూచించినది. బిలాస్‌పూర్ నాడు మధ్యపరగణాలలోనిది. ఆ పరగణాల ప్రభుత్వము 1937లో ఋణగ్రస్తుల రక్షణకై చట్టమే చేసినది. ఆ చేతికఱ్ఱ ఇప్పుడు చాలవరకు మాయమైనది. దాని స్థానమున వచ్చిన దానికి చప్పుడు లేదు, అది గేటు వద్ద నిలువదు. ఒక పట్టికలో ఒక గడియందు కూర్చుండును.

మా తండ్రిగారి కాలపు పద్ధతి నాకు కన్నులకు కట్టినట్లున్నది. ఆయన మా అక్క పెండ్లికి ప్రామిసరీ నోటు వ్రాసి అప్పు తెచ్చిరి. కొంత కట్టినప్పుడెల్ల నోటు వెనుక చెల్లు వేయించుకొనెడివారు. పూర్తిగా తీరిననాడు ఆ నోటును ఇంటికి తెచ్చి, మా అమ్మ చేతికిచ్చి, "చూచుకో, తీరిపోయినది" అని, ఆమె యెదుటనే నిలువున చించివేసిరి. ఆ కాగితమునకు రెండవ ప్రతి లేదు. చిరిగినదా, అప్పు లోకములోనే లేదు. తీర్చకున్నను, మూడేండ్లు గడచిన పిదప ఆ నోటు కాలదోషము పట్టి కోర్టులో చెల్లెడిది కాదు. నేటి పరపతి పత్రము అట్టిది కాదు. అది మన చేతిలో లేదు, మనము చింపలేము. అందలి సమాచారమును కనీసము ఏడు సంవత్సరములు నిలిపియుంచవలెనని నిబంధన. కోర్టులో కాలదోషము పట్టిన అప్పునకును ఆ పట్టికలో కాలదోషము లేదన్నమాట.

ఇక నా కథ. ఢిల్లీలో సెక్రటేరియట్‌లో పనిచేయు దినములలో ఒక బ్యాంకువారు ఆఫీసునకే వచ్చి క్రెడిట్ కార్డు అంటగట్టిరి. మొదటి సంవత్సరము రుసుము లేదనిరి. 2019లో నాకు బదిలీ అయినప్పుడు కార్డును రద్దు చేయుమని ఉత్తరము వ్రాసి, కార్డును కత్తెరతో రెండు ముక్కలు చేసి, ఆ సంగతి మఱచిపోయితిని. 2024 జూన్‌లో ఇక్కడ గృహఋణమునకు దరఖాస్తు పెట్టగా, మేనేజరుగారు చాల మర్యాదగా తన తెర నావైపు త్రిప్పి చూపిరి. ఆ కార్డు రద్దు కాలేదు. వార్షిక రుసుము ఐదువందలు, దానిపై పన్ను తొంబది, వెరసి రూ. 590 పడినది. అది కట్టలేదని జరిమానా, జరిమానాపై వడ్డీ, వడ్డీపై పన్ను. చివరకు రూ. 7,846 బాకీ, దాని ప్రక్క 'రైటాఫ్' అను మాట. తాఖీదులన్నియు నేను ఖాళీ చేసిన ఢిల్లీ క్వార్టరునకు పోయినవి. ఇరువది యేండ్ల సర్వీసులో పైసా అడ్వాన్సు ఎగవేయని నేను, ఐదువందల రూపాయల పుణ్యమున ఎగవేతదారుడనైతిని. ఇంటికి వచ్చి చెప్పగా నా భార్య, "మనమెవరికి బాకీయండీ?" అని అడిగినది. ఆ రాత్రి ఇద్దరమును సరిగా భోజనము చేయలేదు.

మరునాడే వసూలువారు ఫోను చేసిరి. మూడువేలు కట్టినచో 'సెటిల్' చేసెదమనిరి. పీడ విరగడయగునని నేను కట్టబోయితిని కూడ. లెక్కల విభాగములోని ఒక పెద్దమనిషి నన్ను వారించెను. "అయ్యా, నీవు బాకీలేని సొమ్ము కట్టుటయు తప్పు, కట్టిన పిదప వారు 'సెటిల్డ్' అని వ్రాయుదురు, 'క్లోజ్డ్' అని కాదు. అసలుకంటె తక్కువకు రాజీపడినాడని దాని భావము. రేపు చూచు బ్యాంకువాడు దానిని ఎగవేతకు తమ్మునివలె చూచును" అనెను. ఆ ఒక్క మాట నన్ను రక్షించినది. మీలో ఎవరికైనను నిజముగా బాకీయుండి రాజీ కుదిరినను, ఈ రెండు మాటల భేదము తెలిసి సంతకము చేయుడు.

ఇచ్చట చట్టము సంగతి కొంచెము చెప్పక తప్పదు. మన దేశమున ఈ పత్రములను నిర్వహించు సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. మొదటిది 2000లో స్థాపితమైనది. 2005 నాటి పరపతి సమాచార సంస్థల నియంత్రణ చట్టము 2006 డిసెంబరులో అమలునకు వచ్చినది. అందలి 21వ సెక్షను మనకు ముఖ్యము. తన పత్రములోని తప్పును దిద్దుమని ఋణగ్రహీత కోరవచ్చును. ముప్పది దినములలో తగు చర్య గైకొనవలెను. అయితే ఇందొక మెలిక యున్నది. అప్పిచ్చిన బ్యాంకు 'ఔను, ఇది తప్పే' అని ధ్రువీకరించిననే గాని ఆ సంస్థ దేనిని మార్చదు. చిట్టా ఒకరిది, చెల్లు వేయు చేయి మరియొకరిది.

ఈ మెలిక తెలియక నేను మొదటిసారి భంగపడితిని. సాహిత్యవిద్యార్థి గర్వముతో మూడు పుటల ఫిర్యాదు వ్రాసితిని. అందు న్యాయమును గూర్చి ఉన్నది, నిజాయితీని గూర్చి ఉన్నది, నా సర్వీసును గూర్చి ఉన్నది; ఖాతా నంబరు మాత్రము లేదు. దానిని ఒక్క పరపతి సంస్థకే పంపితిని. వారు బ్యాంకునడిగిరి, బ్యాంకు తన లెక్క సరియేననెను, వారు నాకు అదే మాట ఒక్క వాక్యములో తెలిపిరి. ఆఫీసులో నా వద్దకు అట్టి అర్జీ వచ్చినను నేను అట్లే పంపివేసియుందును గాబోలు.

రెండవసారి గుమాస్తాబుద్ధితో వ్రాసితిని. ఒక్కటే పుట. ఖాతా నంబరు, పత్రములోని ఏ పద్దు తప్పు, దానికి బదులు ఏమి ఉండవలెను, అందుకు ఆధారమేమి. అంతే. ఆధారము దొరుకుటయే కష్టమైనది. మూడు రాత్రులు పెట్టెలు వెదకితిమి. తుదకు పిల్లవాని బడిఫీజు రసీదుల నడుమ నా భార్యకు 2019 నాటి స్పీడ్‌పోస్టు రసీదు దొరికినది. దాని తేదీనిబట్టి చూడగా, రద్దు కోరిక అందినదని బ్యాంకు పంపిన ఈమెయిలు కూడ బయటపడినది. ఆ రెంటి నకళ్ళు జతపరచి, బ్యాంకు నోడల్ అధికారికిని, పరపతి సంస్థకును ఒకే దినమున పంపితిని.

రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఒక ఉత్తర్వు చేసి, 2024 ఏప్రిల్ నుండి అమలుపరచినది. ఫిర్యాదు చేసిన ముప్పది దినములలో విషయము పరిష్కారము కానిచో, ఆపైన గడచు ప్రతి దినమునకును నూరు రూపాయల చొప్పున ఫిర్యాదుదారునకు పరిహారమీయవలెను. బ్యాంకునకు ఇరువదియొక దినములు గడువు. అది దాటినచో దోషము బ్యాంకుది. బ్యాంకు సకాలమున సరిదిద్దిన సమాచారమును పంపినను పరపతి సంస్థ తాత్సారము చేసినచో దోషము దానిది. కోరిక త్రోసివేసినచో కారణము చెప్పవలెనని కూడ ఆ ఉత్తర్వులోనే ఉన్నది. ఎగవేత నమోదు చేయునపుడు మనకు సందేశము పంపవలెననియు కలదు. అందుచే బదిలీ అయినప్పుడెల్ల రేషను కార్డువలెనే బ్యాంకులో మన ఫోను నంబరును, చిరునామాను మార్పించుకొనవలెను. బదిలీలే మన బ్రతుకు గనుక ఈ మాట ఒత్తి చెప్పుచున్నాను.

నా విషయమున ముప్పది దినములు మౌనముగా గడచినవి. ముప్పదియొకటవనాడు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టితిని. 2021లో దేశమంతటికిని ఒకే అంబుడ్స్‌మన్ పథకము వచ్చినది. 2022 సెప్టెంబరు నుండి పరపతి సంస్థలును దాని క్రిందికి వచ్చినవి. దీనికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ముందు బ్యాంకునకు ఫిర్యాదు చేసి, వారు త్రోసివేసినను, ముప్పది దినములు ఊరకున్నను మాత్రమే అచటికి పోవలెను. నలుబదితొమ్మిదవనాడు నా పద్దు తొలగినది. పందొమ్మిది దినముల ఆలస్యమునకు పందొమ్మిదివందల రూపాయలు నా ఖాతాలో పడినవి. అది పరిహారమో పరిహాసమో నేను నిర్ణయింపలేను. మా పిల్లవాడు మాత్రము దానితో సినిమాకు పోదమనెను, పోయితిమి.

అంతటితో తీరలేదు. 2015 నుండి ప్రతి ఋణసంస్థయు నాలుగు పరపతి సంస్థలలోను సభ్యత్వము కలిగియుండవలెను. కనుక ఒక తప్పు నాలుగు పుస్తకములలో పడును. ఒక పుస్తకమున దిద్దినంత మాత్రమున తక్కిన మూడును దిద్దబడినవని నమ్మరాదు. నా పద్దు ఒక దానిలో ఇంకను మిగిలియుండగా మరల వ్రాయవలసివచ్చినది. ప్రతి సంస్థయు సంవత్సరమునకొకసారి పూర్తి పత్రమును ఉచితముగా ఈయవలెనను నియమము 2017 నుండి ఉన్నది. నాలుగింటిని మూడేసి నెలల కొకటి చొప్పున తెప్పించుకొనువాడు ఏడాది పొడుగునను కన్ను వేసియుంచినట్లే.

ఆ పత్రమును చూచు విధము: మూడువందల నుండి తొమ్మిదివందల వరకు ఒక అంకె పెద్ద అక్షరములలో కనబడును. దానిని చూచి సంతోషించుటయో దుఃఖించుటయో చేసి మూసివేయువారే ఎక్కువ. ఆ అంకె ఫలితము మాత్రమే. దిగువన ఒక్కొక్క ఖాతాకు ముప్పదియారు నెలల గడులుండును. గడువు ఎన్ని దినములు దాటినదో ఒక్కొక్క గడిలో వ్రాయుదురు. మూడు సున్నలున్నచో ఆ నెల వాయిదా సరిగా చెల్లినది. తొంబది అని ఉన్నచో ఆలోచింపవలసినదే. నెల పేరు, ఖాతా నంబరు, అంకె ఈ మూడింటిని కాగితముమీద ఎత్తివ్రాసికొని, మన పాసుబుక్కుతో సరిచూడవలెను. అంకెతో వాదింపలేము, గడితో వాదింపగలము.

ఇప్పుడు మన తెలుగువారికి ప్రత్యేకముగా వచ్చు చిక్కు ఒకటి చెప్పెదను. మన ఇంటిపేరు. ఇచ్చటివారికి పేరు ముందు, ఇంటిపేరు వెనుక, మనకు తలక్రిందులు. సర్వీసు పుస్తకములో 'కె. అప్పారావు', పాన్ కార్డులో 'కోరాడ అప్పారావు', బ్యాంకులో 'అప్పారావు కోరాడ', ఆధార్‌లో తండ్రిపేరు కూడ చేరి నాలుగు మాటలు. ఒక్క మనిషి నలుగురగును. దీనికి విపర్యయమును కలదు: నలుగురు అప్పారావులు ఒక్కడగుట. పైగా మన పెద్దవారిలో పలువురి పుట్టినతేదీ బడిలో చేర్చుకొన్ననాడు పంతులుగారు వేసిన జూలై 1. ఒకే కాలనీ, ఒకే పేరు, ఒకే తేదీ; ఇక యంత్రమునకు భేదమెట్లు తెలియును? మన కాలనీలోనే ఒక విశ్రాంత ఉద్యోగి పత్రమున ఆయన ఎన్నడును కొనని మోటారు సైకిలు బాకీ వచ్చి కూర్చున్నది. ఆయనకు సైకిలు తొక్కుట తప్ప మరేమియు రాదు. కొన్నవాడు ఆయన పేరిటివాడే మరొకడు. ఇట్టిచోట 'నేను కట్టితిని' అని వాదించుట పొరపాటు. 'ఈ ఖాతా నాది కాదు' అనియే వ్రాయవలెను. ఫిర్యాదు పత్రములో అందులకు వేరుగా చోటు ఉండును. పాన్ నకలు, చిరునామా ఋజువు జతచేసి, ఆ అప్పు దరఖాస్తుపై ఉన్న సంతకమును, ఫొటోను చూపుమని బ్యాంకును అడుగవలెను. ఆయన అట్లే అడిగిరి. ఫొటో చూచిన పిమ్మట బ్యాంకువారికి మారుమాట లేకపోయినది. మన పిల్లలకైనను అన్ని కాగితములలో పేరు ఒకే తీరున వ్రాయించుడు.

హామీ సంతకము మరియొక గుంట. స్నేహితుడు అడిగినప్పుడు కాదనలేము. కాని అతడు వాయిదా తప్పినచో ఆ మచ్చ హామీదారు పత్రమునకును ప్రాకును. అది తప్పు నమోదు కాదు, చట్టసమ్మతమే. దానిని తొలగింపుమని వ్రాసి ప్రయోజనము లేదు. అసలుదారుచే కట్టించుటయో, మనమే కట్టి అతనివద్ద రాబట్టుకొనుటయో తప్ప మార్గము లేదు.

ఇక్కడ ఒక కఠినమైన మాట చెప్పవలెను. నిజమైన ఎగవేతను ఎవ్వరును తొలగింపలేరు. 'మీ సిబిల్ శుభ్రపరచెదము, పదిహేనువేలు ఈయుడు' అని గోడలమీద కాగితములు అంటించువారు చేయునదేమి? మీరు ఉచితముగా చేయగల ఫిర్యాదునే మీ పేరిట చేయుదురు. చట్టము వారికి మనకంటె ఎక్కువ అధికారమేమియు ఈయలేదు. మనలో ఒకరి కుమారుడు ఫోనులోని అప్పుల యాప్‌లవద్ద చిక్కుకొన్నాడు. తండ్రి సొమ్ము కట్టినాడు. ఆపై ఆ మధ్యవర్తికిని కట్టినాడు. మచ్చ పోలేదు. కట్టిన పిదప ఖాతా 'క్లోజ్డ్' అని మారవలసియున్నది. దానిని మాత్రము ఎవ్వరును అడుగలేదు. ఆ పని మేము ఇద్దరము కూర్చుండి ఒక ఉత్తరముతో ముగించితిమి. పాత గడులలోని అంకెలు అట్లే ఉన్నవి, ఉండవలసినవే. కొత్త గడులలో మూడు సున్నలు వచ్చుకొలది వాటి బరువు తగ్గును.

మన స్వస్థలములలోను ఇదే చూచితిమి. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సూక్ష్మఋణ సంస్థల ఆగడములను అరికట్టుటకు ఆర్డినెన్సు తెచ్చినది. అది అవసరమే, జనులు ప్రాణములు తీసికొనుచుండిరి. కాని దానితో వసూళ్ళు నిలిచిపోగా, అప్పు రద్దయినదని తలచినవారు ఎందరో. రద్దు కాలేదు. ఋణమాఫీ ప్రకటన విని వాయిదాలు ఆపివేసిన రైతుల సంగతియు ఇట్టిదే. ప్రభుత్వము మాట ఇచ్చుట వేరు, బ్యాంకు చిట్టాలో చెల్లు పడుట వేరు. ఊరిలో మీ వారెవరైనను మాఫీ పొందినచో, బాకీ లేదను ధ్రువపత్రము తీసికొనిరో లేదో ఈసారి సెలవులకు పోయినప్పుడు అడుగుడు.

ఇల్లు కట్టని వారికి ఇదంతయు ఎందుకని యువకులు అనుకొందురేమో. బ్యాంకు పరీక్షలకు చదువుచున్నవారు ఇచ్చట పలువురున్నారు. ఎంపికైన అభ్యర్థి పరపతి పత్రములో ఎగవేతలున్నవని ఒక ప్రభుత్వరంగ బ్యాంకు నియామకమును రద్దుచేయగా, 2025లో మద్రాసు ఉన్నత న్యాయస్థానము ఆ రద్దును సమర్థించినది. నియామక ప్రకటనలోనే ఆ షరతు ఉన్నదని న్యాయస్థానము చూచినది. చదువుల అప్పు విషయమున 2023లో కేరళ ఉన్నత న్యాయస్థానము వేరుదృష్టితో, తక్కువ స్కోరు ఒక్కటే కారణముగా విద్యార్థి దరఖాస్తును త్రోసివేయరాదన్నది. రెండవది నాకు ఎక్కువ నచ్చినది. కాని ఉద్యోగము వెదకువాడు మొదటిదానినే గుర్తుంచుకొనుట మేలు.

గంట కావచ్చినది, వంటవారు నావైపు చూచుచున్నారు. నేను రెండవసారి వ్రాసిన ఒంటిపుట ఫిర్యాదును ఖాతా నంబరు తీసివేసి, తెలుగులోను హిందీలోను నకళ్ళు తీయించి తెచ్చితిని. ద్వారము ప్రక్క బల్లపై ఉన్నవి. తమ పత్రమును వెంట తెచ్చినవారెవరైన ఉన్నచో, భోజనముల పిమ్మట నేనును, మన లెక్కల విభాగపు మిత్రుడును అక్కడనే కూర్చుండెదము. ఫోనులో చూపినను సరే, కాని కళ్ళజోడు తెచ్చుకొనుడు. ఆ గడులు చాల చిన్నవి.